వీధిలో పారు వాననీరు - ఊరి తోటలు

2023వ సంవత్సరము నవంబరు మాసాంతమున నాగార్జునసాగరు కుడికాలువకు త్రాగునీటి అవసరముల నిమిత్తము నీరు విడువబడినది. ఆ యేడు కృష్ణానదిలో ప్రవాహము చాలక జలాశయము నిండలేదు. పల్నాడు, ప్రకాశము జిల్లాలలో కాలువ క్రింది గ్రామములు తమ మంచినీటి చెరువులను నింపుకొనుటకు ఆ నీటికొరకే ఎదురుచూచుచుండెను. వారము తిరుగక మునుపే, డిసెంబరు 5వ తేదీన, మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరమును దాటినది. ప్రత్తి, మిరప చేలలో నీరు నిలిచినది. వీధులు వాగులవలె పారినవి. నీటికొరకు ఎదురుచూచిన వారమును, నీటిని వదిలించుకొనుటకు పాట్లుపడిన వారమును ఒకదాని వెనుక నొకటి వచ్చినవి.

మన రేగడి నేలల రైతునకు ఇది వింత కాదు. ఇక్కడ వాన కొద్ది దినములలోనే గుప్పించి కురియును. ఎండ నెలల తరబడి కాయును. అయినను, ఊరిలో పడిన వాన ఊరిలో ఎంతసేపు నిలుచుచున్నదను ప్రశ్న పంచాయతీ సమావేశములలో చర్చకు వచ్చుట అరుదు. సైడుకాలువ పూడినదనియో, ఫలానా వారి వాకిట నీరు నిలిచినదనియో ఫిర్యాదులు వచ్చును; నీటిని ఎంత త్వరగా ఊరు దాటింతుమా యని ఆలోచన సాగును. ఈ వ్యాసమున మేము పొలముల నీటిని గూర్చి చెప్పబోవుట లేదు. ఇండ్ల కప్పులపైన, సిమెంటు రోడ్లపైన, బడి ఆవరణలోను, దేవాలయ ప్రాంగణములోను పడి పోవు వాననీటిని నిలిపి, పాఠశాల తోటకు, చెరువుకట్ట చెట్లకు, పిల్లల పార్కునకు, శ్మశానవాటికలోని నీడచెట్లకు వాడుకొను విధమును మాత్రమే విన్నవింతుము.

లెక్క చూడుడు

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది ఒక లీటరు నీరు. ఈ ఒక్క సూత్రము పంచాయతీ సభ్యులందరును గుర్తుంచుకొనదగినది. పూర్వపు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో సంవత్సరమునకు కురియు వాన సగటున రమారమి 850 మిల్లీమీటర్లు. 50 ఎకరముల గ్రామకంఠముగల ఊరిని తీసికొందము. ఒక సాయంకాలము 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఆ ఊరిపై పడిన నీరు 50 లక్షల లీటర్లు. అందులో సగము నేలలో ఇంకినదనియు, గుంటలలో నిలిచి ఆవిరియైనదనియు అనుకొన్నను, 25 లక్షల లీటర్లు ఊరు దాటిపోవును. అది ఒక్క సాయంకాలపు లెక్క.

ఇక ఖర్చు వైపు చూతము. పంచాయతీ 500 మొక్కలు నాటించెననుకొందము. మొక్కకు వారమునకు రెండు మారులు, మారునకు 20 లీటర్ల చొప్పున పోసినచో వారమునకు 20,000 లీటర్లు కావలెను. డిసెంబరు మొదలు జూను నడుమ వరకు 28 వారములకు 5 లక్షల 60 వేల లీటర్లు. ఇప్పుడు ఈ నీరు ఎక్కడినుండి వచ్చుచున్నది? అనేక గ్రామములలో మంచినీటి పథకపు ట్యాంకునుండియే. 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్ల మంచినీరు అందింపవలెనని ప్రమాణము పెట్టినది. ఆ ప్రమాణముతో చూచినచో 500 మొక్కలు త్రాగునది 52 మంది మనుష్యుల వంతు. ఏప్రిల్ నెలలో కుళాయి వద్ద బిందెలు వరుసలు తీరినపుడు, ఆ వంతును మొక్కకు పోయుమని ఏ సర్పంచియు చెప్పజాలడు, చెప్పరాదు కూడ. కావుననే జూలైలో ఫోటోలు తీసి నాటిన మొక్కలు మార్చి నాటికి కంచెలోపల ఎండుపుల్లలై నిలుచుచున్నవి. వాటిని చంపినది ఎండ యనుకొందుము. డిసెంబరులో మనము విడిచిపెట్టిన నీరే వాటికి లేకపోయినది.

ఆస్ట్రేలియాలో ఒక పట్టణము

ఈ సమస్యను పరిష్కరించుకొన్న ఊరొకటి దక్షిణ ఆస్ట్రేలియాలో గలదు. అడిలైడ్ నగరమునకు ఉత్తరమున కొండలకును సముద్రమునకును నడుమ మైదానములో నున్న శాలిస్‌బరీ పట్టణమునకు సంవత్సరమునకు కురియు వాన మనకు కురియు దానిలో రమారమి సగము. వాన వచ్చినపుడు కొండల నీరు పట్టణము మీదుగా పారి సముద్రమున కలిసెడిది. వేసవిలో పార్కుల పచ్చిక మాడెడిది. 1970వ దశకమునుండి అక్కడి పురపాలక సంఘము వీధికాలువల నీటిని నేరుగా సముద్రమునకు వదలక, పల్లపు స్థలములలో మడుగులు త్రవ్వి వాటిలోనికి మళ్ళింపసాగెను. మొదటి మడుగులో మట్టి దిగును. తరువాతి మడుగులో రెల్లుజాతి మొక్కలు పెంచిరి. వాటి వ్రేళ్ళ నడుమగా నెమ్మదిగా నడచునపుడు నీటిలోని మలినము చాలవరకు తొలగును. పిదప ఆ నీటిని బోరులద్వారా భూగర్భములోని సున్నపురాతి పొరలోనికి దింపి దాచుదురు. వేసవిలో మరల తోడి, మంచినీటి గొట్టములతో కలియని ప్రత్యేక గొట్టములద్వారా పార్కులకు, బడుల ఆటస్థలములకు, ఉన్ని కడుగు కర్మాగారమునకు అందించిరి. పారఫీల్డ్ విమానాశ్రయము ప్రక్కనున్న మడుగునకైతే పక్షులు చేరి విమానములకు అడ్డుపడకుండ పైన వల కప్పిరి. అంతవరకు ఆలోచించి చేసిన పని అది.

అయితే, శాలిస్‌బరీలో జరిగినదానిని అట్లే తెచ్చి చిలకలూరిపేట పరిసరములలోనో, దర్శి ప్రాంతముననో పెట్టిన పని జరుగదు. ఈ సంగతిని సభ్యులు ముఖ్యముగా గ్రహింపవలెను. వారి నేల క్రింద నీటిని దాచుకొనుటకు అనువైన సున్నపురాతి పొర యున్నది. మన పొలముల క్రింద మొదట నున్నది రేగడి.

రేగడి స్వభావము

రేగడి ఎండినపుడు నెఱ్ఱెలు విచ్చును. తొలకరి వాన ఆ నెఱ్ఱెలలోనికి పోవును. రెండు మూడు వానలు పడిన తరువాత మట్టి ఉబ్బి నెఱ్ఱెలు మూసికొనును. ఆ తరువాత పడిన నీరు లోపలికి దిగుట బహు నెమ్మది. కావుననే మనకు సెప్టెంబరు నుండి నవంబరు వరకు కురియు వానలే ఎక్కువగా పారును. నిలువ చేసికొనదగిన ఋతువు అదియే. 2000వ సంవత్సరములో 'నీరు-మీరు' కార్యక్రమము ప్రారంభమైన నాటినుండి ఇంకుడుగుంతల మాట ఇంటింట వినబడినది. ఎఱ్ఱనేలలోను, ఇసుకనేలలోను అవి మేలుచేయునవే. కాని లోతైన రేగడిలో మూడు నాలుగడుగుల గుంత త్రవ్వి కంకర నింపినచో నీరు ఇంకదు. దోమలు మాత్రము పుట్టును. రేగడి పొరను దాటి క్రింది గరుసు తగులువరకు త్రవ్వినప్పుడే ఇంకుడుగుంతకు ఆ పేరు చెల్లును. త్రవ్వకముందు ఊరిలోని పాతబావి ఒరలలోనికి తొంగి చూచినచో రేగడి ఎంతవరకున్నదో, గరుసు ఎక్కడ మొదలైనదో తెలిసిపోవును. దానికి ఇంజనీరు అక్కరలేదు.

భూగర్భమున దాచుటకు మరియొక అడ్డంకి కలదు. మన ప్రాంతములో పలుచోట్ల నేలలోపలి నీరు ఉప్పన. మరికొన్ని చోట్ల అందు ఫ్లోరైడు ఎక్కువ. మనదేశమున ఫ్లోరైడు వ్యాధిని గూర్చిన తొలి వైద్యపరిశోధన 1937లో ప్రకటింపబడినది. అది జరిగినది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆనాడు నెల్లూరులో చేరియుండిన పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందులోనికి వచ్చినవి. ఆ జిల్లాయే తరువాత ప్రకాశము జిల్లా యైనది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. వాననీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండదు. అట్టి నీటిని చేజార్చుకొని, వందలాది అడుగుల లోతునుండి చెడ్డనీటిని తోడి మొక్కలకు పోయుట, ఆ తోడుటకు కరెంటు బిల్లు కట్టుట, ఏ లెక్కకు అందును?

రేగడిలో నీరింకదను దోషమే కుంట త్రవ్వునపుడు గుణమగును. సిమెంటు, ప్లాస్టికు పరుపులు లేకుండనే రేగడి అడుగు నీటిని పట్టి యుంచును. కావున మన ప్రాంతమునకు తగినది పైన నిలువ చేయుట. మన పెద్దలు చేసినదియు అదియే.

చెరువు తల్లిది, కాలువ కొడుకుది

కొండవీడు రెడ్డిరాజుల కోటలో, కొండపైన, మూడు చెరువులు కలవు: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. ఒకదాని మిగులునీరు మరియొకదానికి దిగునట్లు వాటిని అమర్చిరి. కొండ నెత్తిన నది లేదు, కాలువ రాదు. పడిన వానయే ఆధారము. అంతటి కోట ఆ నీటితోనే నిలిచినది.

అంతకంటె మనకు ఉపయోగపడు ఉదాహరణము కొండ దిగిన తరువాత కనబడును. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ సంతానసాగరమను చెరువును త్రవ్వించెనని 1409 నాటి ఫిరంగిపురము శాసనము చెప్పుచున్నది. ఆమె కుమారుడు రాచవేముడు తరువాత ఆ చెరువునకు నీరు వచ్చుటకై జగనొబ్బగండ కాలువను త్రవ్వించెనని అమీనాబాదు శాసనమువలన తెలియుచున్నది. తల్లి చెరువు త్రవ్వించినది. దానికి నీరు తెచ్చు మార్గము కొడుకు చూడవలసివచ్చినది. ఆరువందల యేండ్లు గడచినను ఈ పాఠము మనకు పూర్తిగా వంటబట్టలేదు. చెరువు పూడిక తీయుటకు పనులు మంజూరగును, లోతు పెరుగును, శిలాఫలకము వెలయును. నీరు చెరువులోనికి దిగవలసిన వాగుపాయ మాత్రము ఇండ్ల నడుమనో, కల్లముల క్రిందనో మాయమై యుండును. 1967 ఆగస్టు 4వ తేదీన సాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట కాలువ నీటితోనే చెరువు నింపుకొనుట అలవాటై, వాన తెచ్చు పాయలను పలు గ్రామములు మరచిపోయినవి. కాలువ గొప్ప వరమే. అది రాని యేడు మాత్రము, ఎండిన చెరువు ప్రక్కన నిలిచి, వాన పాయ ఏదని వెదకుకొనవలసివచ్చుచున్నది.

కాబట్టి పంచాయతీ చేయవలసిన మొదటి పని త్రవ్వుట కాదు, చూచుట. గట్టివాన కురియుచున్నపుడు సభ్యులు గొడుగులు పట్టుకొని ఊరంతయు ఒకసారి తిరుగవలెను. ఏ వీధినీరు ఎటు పారుచున్నది, ఎక్కడ కలియుచున్నది, ఏ మూలనుండి ఊరు దాటుచున్నది - ఇవి సర్వే పటముకంటె అరగంట వానయే స్పష్టముగా చూపును. సిమెంటు రోడ్డు ఎత్తై ఇండ్లు పల్లమైన వీధులు కూడ అప్పుడే తెలియును. (ఇట్టి వీధులు మన జిల్లాలలో కొల్లలు, రోడ్డు వేయకముందు తవ్వి వేయుమని తీర్మానములో ఒక వాక్యము చేర్చినచో సగము తగాదాలు తీరును.)

కుంట త్రవ్వు పద్ధతి

స్థలము ఊరి పల్లపు వైపున పంచాయతీ భూమిలో నుండవలెను. మిరప కల్లముల వైపునకు మిగులునీరు పారరాదు. కాయ ఆరబెట్టు నేల తడిసినచో బూజు పట్టి, గుంటూరు యార్డులో ధర తెగిపోవును. ఆ నష్టము పడిన రైతు కుంటకు శత్రువగును.

కుంట వెడల్పుకంటె లోతు ముఖ్యము. నవంబరు నుండి మే నెలాఖరు వరకు మన ప్రాంతపు ఎండకు, గాలికి నిలువ నీటిలో రమారమి నాలుగడుగులు ఆవిరియై పోవును. ఎకరము నేలలో రెండున్నర అడుగుల లోతున 30 లక్షల లీటర్లు నిలిపినచో, చుక్క వాడకున్నను అది మార్చి నెలాఖరునకే ఎండును. పావు ఎకరములోనే పదియడుగుల లోతు త్రవ్వి, వాలు ప్రక్కలు తీర్చినచో 22 లక్షల లీటర్లు నిలుచును. అందులో సగము ఆవిరియైనను పది లక్షల లీటర్లు మిగులును. మన 500 మొక్కలకు కావలసినదానికి అది రమారమి రెట్టింపు. ఆ కుంటను నింపుటకు పైన చెప్పిన సాయంకాలపు వాన ఒక్కటి చాలును.

వీధికాలువ కుంటలో కలియు చోటికి ముందుగా ఒక పూడికగుంట త్రవ్వవలెను. మట్టి, ప్లాస్టికు సంచులు, చెత్త అందులో ఆగును. దాని తరువాత చిన్న మడిలో తుంగ, జమ్ము పెంచినచో శాలిస్‌బరీ వారి రెల్లుమడుగు చేయు పనిని మన గడ్డియే చేయును. కాని జమ్మును పెద్దకుంటలోనికి రానీయరాదు. ఏటేట కోసి బయట వేయవలెను. గుర్రపుడెక్కను మొదటి మొక్కనాడే పెరికివేయవలెను.

మన ఊళ్ళలో వాననీటికిని వాడుకనీటికిని కాలువ ఒకటే. ఇది కష్టమైన చిక్కు. ఇండ్ల మురుగు నిత్యము కుంటలో చేరినచో అది ఆరు నెలలలో మురుగుకుంట యగును. కుంట మొదట ఒక తూము పెట్టి, దానికి పలక అమర్చి, మామూలు దినములలో నీటిని పాత దారినే పోనిచ్చి, వాన దినములలో మాత్రము కుంటకు మళ్ళించుట సులభమైన ఉపాయము. ఏడాది తొలివాన వీధుల మలినమంతయు కడిగి తెచ్చును కనుక దానిని వదలివేయవలెను. పలక ఎత్తువారెవరు, దించువారెవరు అనునది పేరుతో సహా నిర్ణయింపవలెను. అందరి పనియన్నది ఎవరి పనియు కాదు.

కట్ట విషయమున రేగడిని నమ్మరాదు. రేగడి కట్ట ఎండలో పగులును. తొలివాన ఆ పగులులో దిగి గండి పడును. లోపల రేగడి పోసి దిమ్మిసతో గట్టిపరచి, పైన అడుగు మందమున గరుసు కప్పవలెను. మిగులునీటికి రాతితో అలుగు కట్టవలెను. తుపాను నాడు కుంటను కాపాడునది అదియే. కట్టపైన కంచె, ఒకవైపు మెట్లు ఉండవలెను. నిట్టనిలువు గుంతలలో పడి పిల్లలు మరణించిన వార్తలు ప్రతి వర్షకాలమునను చదువుచున్నాము. దోమలకు గంబూసియా చేపపిల్లలను వదలుట మంచిది; అవి దోమపిల్లలను తినును.

పురుగుమందు సంగతి

ప్రత్తి, మిరప పండించు ప్రాంతము గనుక ఈ మాట గట్టిగా చెప్పవలసియున్నది. పొలమునుండి తిరిగివచ్చుచు స్ప్రేయరు పంపును, మందు డబ్బాలను ఊరి కుంటలో కడుగుట పలుచోట్ల అలవాటు. ఆ నీటిని పశువులు త్రాగును, పిల్లలు ఈదుదురు. ఈ కుంట అట్టి కడుగుడునకు కాదని గ్రామసభలో తీర్మానించి, పొలములవైపుననే వేరుగా ఒక కడుగుడుచోటు ఏర్పాటు చేయవలెను. చేలనుండి పారు నీరును కుంటకు చేరనీయరాదు; వీధినీరు చాలును. పైగా ఈ నీరు చెట్లకే గాని మనుష్యులు త్రాగుటకు కాదని పెద్ద అక్షరములతో వ్రాయించి పెట్టవలెను. త్రాగుటకు వాననీరు కావలెననువారు బడి డాబాపై పడు నీటిని వేరుగా, మూతగల తొట్టిలో, తొలి జల్లు వదలి పట్టుకొనవచ్చును. దానిని పరీక్ష చేయించి, కాచి వాడవలెను.

అధికారము, నిధులు

ఊరి కుంటలపై పంచాయతీకి గల బాధ్యత కేవలము మర్యాద మాట కాదు. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము - 'వాల్టా' యని అందరు పిలుచునది - చెరువులు, కుంటలు ఆక్రమణకు, కాలుష్యమునకు గురికాకుండ కాపాడుటకు ఏర్పడినది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామపు ఉమ్మడి చెరువు స్థలమును ఆక్రమించినవారిని తొలగించుటకు ఏర్పాట్లు చేయవలెనని రాష్ట్రప్రభుత్వములను ఆదేశించినది. ఎంత ఖర్చుపెట్టి కట్టుకొన్నను, ఎంతకాలము అనుభవించినను అది హక్కు కాజాలదని చెప్పినది. వాగుపాయను మూసినది పలుకుబడిగల వారైనపుడు సర్పంచి ఒంటరిగా వారి గడప యెక్కుటకంటె, ఈ తీర్పును గ్రామసభలో చదివి వినిపించి, రెవెన్యూ వారిచే కొలిపించుట మేలు.

15వ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన నిధులలో 60 శాతము నిర్దిష్ట ప్రయోజనములకు కేటాయించినది. అందు సగము పారిశుధ్యమునకును, సగము త్రాగునీరు, వాననీటి నిలువ, నీటి పునర్వినియోగములకును ఉద్దేశింపబడినది. వాననీటి నిలువ అను పదము ఆ జాబితాలో ఉన్నదని ఎరిగిన పంచాయతీలు ఎన్ని? 2022 ఏప్రిల్ 24న ప్రకటింపబడిన అమృత సరోవర కార్యక్రమము జిల్లాకు 75 చెరువులు, ఒక్కొక్కటి కనీసము ఎకరము విస్తీర్ణము, 10,000 ఘనపు మీటర్ల నిలువ ఉండవలెనని లక్ష్యము పెట్టినది. మీ మండలములో అట్టి చెరువు ఉన్నచో దాని పాయ తెరచియున్నదో లేదో చూచి రండు.

ఖర్చు తగ్గించుకొను మార్గమును ఒకటి కలదు. పాత కుంటలనుండి తీసిన ఒండ్రు మట్టిని మెట్టరైతులు తమ ట్రాక్టరులతో తామే తోలుకొందురు. చేనికి అది బలము. త్రవ్విన మట్టి మోయు కూలి ఆ మేరకు మిగులును. ఎవరెన్ని ట్రక్కులు తోలిరో పుస్తకములో వ్రాయించిన తగవులుండవు.

పనికి కాలము మాత్రము మించరాదు. రేగడి తడిసిన తరువాత మనిషి కాలు దిగబడును, యంత్రమును దిగబడును. మిరప కోతలు ముగిసి కల్లములు ఖాళీయగునది ఏప్రిల్‌లో. కూలీలు, ట్రాక్టరులు దొరకునది అప్పుడే. స్థలము కొలత, తీర్మానము, అంచనా మార్చిలోపల పూర్తియైనచో ఏప్రిల్, మే నెలలలో త్రవ్వకము, కట్టకు గరుసు వేయుట జరిగిపోవును. తొలకరికి పలక, తూము బిగించి, తొలివానను వదలి, సెప్టెంబరు నాటికి కుంటలో అడుగులు గుర్తువేసిన రాతి స్తంభమొకటి నిలిపి, ప్రతి మాసపు మొదటి తేదీన నీటిమట్టమును పంచాయతీ కార్యాలయపు పలకపై వ్రాయింపవలెను. ఆ యేడు ఎన్ని మొక్కలు నాటవచ్చునో ఆ పలక చెప్పును.